ఒక ట్రైనరు, రెండు సైకిళ్లు: చేయవలసినవి, చేయకూడనివి

పలాస, టెక్కలి వైపు రోడ్డు సైకిలు తొక్కేవాళ్లకు నున్నటి దారి కావాలంటే పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కాల్సిందే. అక్కడ లారీల జోరు. అక్టోబరు వచ్చిందంటే వాయుగుండాల భయం. అలాంటప్పుడు ఇంట్లోనే, సైకిలును కదలకుండా బిగించే ట్రైనరు మీద తొక్కుకోవడం మంచి ఆలోచన. ఖరీదైన వస్తువు కాబట్టి అన్నదమ్ములో, ఆలుమగలో కలిసి ఒకటే కొనుక్కోవడం కూడా సబబే. అయితే ఇద్దరివీ వేరువేరు సైకిళ్లు అయినప్పుడు తొక్కడం కన్నా మార్చడంలోనే ప్రమాదం ఎక్కువ. ఒకటి దింపి ఇంకొకటి ఎక్కించిన ప్రతిసారీ దాన్ని కొత్తగా కొన్నట్టే భావించి మొదటి నుంచీ చూసుకోవాలి.

ఇరుసు దగ్గర

పాత తరహా రిమ్ బ్రేకుల సైకిలుకు వెనక ఇరుసు పట్టే చోటు వెడల్పు 130 మిల్లీమీటర్లు. అది క్విక్ రిలీజ్‌తో బిగుస్తుంది. ఇప్పటి డిస్క్ బ్రేకుల రోడ్డు సైకిళ్లలో ఎక్కువ వాటికి వెడల్పు 142, లోపల 12 మిల్లీమీటర్ల లావు త్రూ యాక్సిల్. వెనక చక్రం తీసేసి బిగించే డైరెక్ట్ డ్రైవ్ ట్రైనరుకు ఈ రెండింటికీ వేరువేరు అడాప్టర్లు ఉంటాయి. ఎవరి అడాప్టర్లు వారి డబ్బాలో, పైన పేరు రాసి పెట్టుకోండి. ఒకరివి ఇంకొకరి సైకిలుకు వేసి, కాస్త వదులుగా ఉన్నా లాగి బిగించేయకండి. అలా బిగిస్తే ఫ్రేము చివర్లు లోపలికి నొక్కుకుంటాయి. లేచి నిలబడి గట్టిగా తొక్కే వేళ సైకిలు ఒక్కసారిగా జారవచ్చు.

త్రూ యాక్సిల్ మీద ఎన్ని న్యూటన్ మీటర్ల వరకు బిగించాలో సాధారణంగా రాసే ఉంటుంది. టార్క్ రెంచి వాడండి. కార్బన్ ఫ్రేము అయితే దాని తయారీదారు ట్రైనరు వాడకాన్ని ఒప్పుకుంటున్నారో లేదో ముందే చదువుకోండి. అందరూ ఒప్పుకోరు.

వెనక చక్రం తీయకుండా టైరును రోలర్‌కు ఆనించే రకమైతే, ట్రైనరుతో పాటు ఇచ్చిన ఉక్కు క్విక్ రిలీజే వాడాలి. తేలికపాటి అల్యూమినియంది పనికిరాదు. త్రూ యాక్సిల్ సైకిలును అందులో నేరుగా బిగించకండి. దానికి విడిగా అడాప్టరు యాక్సిల్ తెప్పించుకోవాలి.

రోలరు, టైరు

ఒక సైకిలుకు 25 మిల్లీమీటర్ల టైరు, రెండోదానికి 32 ఉందనుకోండి. మొదటిదానికి నాబ్ ఎన్ని చుట్లు తిప్పారో రెండోదానికీ అన్నే తిప్పితే సరిపోదు. రోలరును పూర్తిగా వెనక్కి తీసి, టైరులో గాలి కొలిచి, మళ్లీ మొదటి నుంచి నొక్కండి. టైరును చేత్తో ఒక్క ఊపున తిప్పి చూడండి, రోలరు మీద జారకూడదు. అలాగని అతిగా నొక్కితే టైరు వేడెక్కి అరిగిపోతుంది. అరిగిన ఆ టైరుతోనే రోడ్డెక్కవద్దు. స్మార్ట్ ట్రైనరు అయితే పది నిమిషాలు తొక్కి వేడెక్కాక క్యాలిబ్రేషన్ చేయాలి, సైకిలు మారిన ప్రతిసారీ.

గేర్లు

ఎక్కువ మంది తప్పులో కాలేసేది ఇక్కడే. డైరెక్ట్ డ్రైవ్ ట్రైనరుకు ఉండేది ఒకటే క్యాసెట్. షిమానో 8, 9, 10 స్పీడు క్యాసెట్లు ఒకే హబ్ మీద కూర్చుంటాయి. కానీ పళ్ల చక్రాల మధ్య ఎడం మాత్రం 4.8, 4.35, 3.95 మిల్లీమీటర్లు. కాబట్టి 8 స్పీడు సైకిలును 10 స్పీడు క్యాసెట్ మీద ఎక్కిస్తే గేరు సరిగా పడదు, గట్టిగా తొక్కుతున్నప్పుడు చెయిన్ దూకుతుంది. ఇద్దరి స్పీడూ ఒకటే అయితే సుఖం. లేదంటే క్యాసెట్ మార్చుకోండి, లేదా గేరు మార్చకుండా చెయిన్ నిలకడగా నడిచే ఒకే పళ్ల చక్రం మీద తొక్కండి. 8 నుంచి 12 స్పీడు వరకు పనిచేసే ఒకే పళ్ల చక్రంతో, గేర్లు ట్రైనరే మార్చే జ్విఫ్ట్ కాగ్ లాంటి పద్ధతి 2023లో వచ్చింది. ఇద్దరు పంచుకునే ఇంట్లో అది నిజంగా మేలు.

స్పీడు ఒకటే అయినా చక్రం మీది క్యాసెట్టూ ట్రైనరు మీది క్యాసెట్టూ సరిగ్గా ఒకే చోట ఉండవు. ఎక్కేముందు పెడల్‌ను చేత్తో తిప్పుతూ గేర్లన్నీ మార్చి చూడండి, వేళ్లు చెయిన్‌కు దూరంగా ఉంచండి. సర్దాల్సి వస్తే కేబుల్ దగ్గరి బ్యారెల్ మాత్రమే, ఎటు ఎంత తిప్పారో గోడ మీద రాసుకుంటూ. లిమిట్ స్క్రూల జోలికి పోకండి. వాటిని ట్రైనరుకు తగ్గట్టు తిప్పి, మరచిపోయి అసలు చక్రంతో రోడ్డెక్కితే వెనక అన్నిటికన్నా పెద్ద పళ్ల చక్రం మీదికి గేరు మార్చిన క్షణం డీరెయిలర్ చువ్వల్లోకి దూరవచ్చు. రహదారి మీద అది జరిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఒకరి చెయిన్ బాగా సాగిపోయి ఉంటే ఉమ్మడి క్యాసెట్ పళ్లూ పాడవుతాయి, రెండోవారి కొత్త చెయిన్ దాని మీద నిలవదు. చెయిన్ గేజ్ ఒకటి కొనుక్కోండి. టెక్కలి గ్రానైటు కార్ఖానాల దుమ్ము, పలాస చుట్టుపక్కలి ఉద్దానం ఇసుక, రెండూ చెయిన్‌ను నమిలేస్తాయి. వీధిలోంచి వచ్చిన సైకిలును తుడవకుండా ట్రైనరు ఎక్కించవద్దు.

డిస్క్ బ్రేకు

చక్రం తీశాక ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ బిళ్ల పెట్టండి. అది లేకుండా పొరపాటున లివర్ నొక్కితే ప్యాడ్లు దగ్గరకు వచ్చేసి మళ్లీ డిస్కు దూరదు. తీసిన చక్రాన్ని డిస్కు వంగకుండా, నూనె చుక్క పడకుండా దూరంగా నిలబెట్టండి.

గది, గాలి, కరెంటు

ఫ్లైవీలు తిరుగుతుండగా పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. వేలు పెడితే పోయినట్టే. లుంగీతో గానీ, జారే చున్నీతో గానీ ఎక్కవద్దు. సముద్రపు ఉప్పు గాలికి చెమట ఉప్పు తోడై స్టెమ్ బోల్టులు, హెడ్‌సెట్ లోలోపల తుప్పుపడతాయి. హ్యాండిల్ మీద తువ్వాలు పరచండి, దిగాక తడిగుడ్డతో, ఆపై పొడిగుడ్డతో తుడవండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. అలాంటి హెచ్చరిక రాగానే ట్రైనరు ప్లగ్ తీసేయండి. కరెంటు తిరిగి వచ్చేటప్పటి ఎగుడుదిగుళ్లు తగ్గాకే పెట్టండి.

ఒంటి సంగతి

ఉద్దానంలో చాలామందిని పట్టిన మూత్రపిండాల జబ్బు గురించి చెప్పకుండా ఈ మాట ముగించలేను. దానికి కారణం ఇదేనని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. కానీ ఒంట్లో నీరు ఇంకిపోవడం ఎవరి మూత్రపిండాలకూ మంచిది కాదు. ఇంట్లో తొక్కేటప్పుడు ఎదురుగాలి ఉండదు కనుక చెమట ధారలు కడుతుంది. ఫ్యాను లేకుండా, రేకుల షెడ్డులో మధ్యాహ్నం పూట తొక్కకండి. తొక్కే ముందూ, తొక్కాకా బరువు చూసుకోండి. కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు పోయినట్టు. ఇప్పటికే మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ఎంత నీరు తాగాలో, అసలు తొక్కవచ్చో లేదో డాక్టరునే అడగాలి.

కాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు మింగి ట్రైనరు ఎక్కడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. నీరు తగ్గిన ఒంటికి అవి మూత్రపిండాల మీద దెబ్బ. చాన్నాళ్ల తర్వాత మొదలుపెట్టినవాళ్లు మొదటిరోజే ఒళ్లు హూనం చేసుకోవద్దు. ఆ తర్వాత మూత్రం టీ డికాక్షను రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులోనే మొదలైంది. మూత్రపిండాల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్షకు ముందురోజు కఠినంగా తొక్కకండి, అంకె తాత్కాలికంగా పెరగవచ్చు. తొక్కి ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

మళ్లీ రోడ్డెక్కే ముందు

చక్రం సరిగా కూర్చుందా, యాక్సిల్ బిగిసిందా, గోడ మీద రాసిన చుట్లు వెనక్కి తిప్పారా, అన్నీ చూడండి. తర్వాత సైకిలు ఎక్కకుండా పక్కనే నడుస్తూ రెండు బ్రేకులూ విడివిడిగా నొక్కి చూడండి. ఈ తనిఖీ ఎవరి సైకిలుకు వారే చేసుకోవాలి, రెండోవారు చేసి ఉంటారులే అనుకోకూడదు.