మొండికేసిన ల్యాప్‌టాపును గూర్చి మేనల్లునకు



పవర్ బటన్ నొక్కిన తోడనే దీపము వెలిగి, ఫ్యాను ఒక్కమాఱు తిరిగి, క్షణములో సర్వమును ఆఱిపోవుచున్నదనియు, దుకాణదారుడు మూత విప్పకయే మదర్‌బోర్డు పోయినదని తేల్చెననియు వ్రాసితివి. అతడు చెప్పినది నిజమైనను కావచ్చును. కాని విప్పి చూడనివాని మాటపై ధనము వెచ్చింపకుము.

హార్డ్ డిస్కు, డీవీడీ డ్రైవు, వైఫై కార్డు మొదలగునవి మదర్‌బోర్డు సమకూర్చు 3.3, 5 వోల్టుల విద్యుత్తునే పంచుకొని పనిచేయును గనుక, వానిలో నేదేని యొకటి లోలోపల షార్టు అయినచో, ఇస్త్రీపెట్టె చెడి ఇల్లెల్ల చీకటియైనట్లు, ఆ దోషము దానియందే నిలువక సరఫరానంతటిని క్రుంగదీయగా, రక్షణకై యుంచిన సర్క్యూట్ యంత్రమునే ఆపివేయును. కావున ఒక్కొక్కదానిని తొలగించి చూచుటకంటె మార్గాంతరము లేదు.

మొదట ఛార్జరు తీసి, బ్యాటరీని ఊడదీసి, పవర్ బటన్‌ను అరనిమిషము నొక్కి పట్టుము. ఏ భాగమును తీయునపుడైనను, మరల పెట్టునపుడైనను ఈ విధి తప్పరాదు. పిదప ఛార్జరుతో మాత్రమే నడిపి చూడుము. దోషము బ్యాటరీదే కావచ్చును. కానిచో డిస్కును, డీవీడీ డ్రైవును, వైఫై కార్డును వరుసగా తొలగింపుము. ఆ కార్డునకు తగిలించిన నల్లని, తెల్లని యాంటెన్నా తీగలలో ఏది యెచట నున్నదో ముందుగా ఫొటో తీసికొనుము. ఫ్యానును మాత్రము తాకకుము. అది లేనిచో కొన్ని యంత్రములు లేవనే లేవవు.

ర్యామ్ విషయమున తొందర పనికిరాదు. రెండున్నచో ఒక్కదానినే యుంచి, దానిని రెండు స్లాట్లయందును మార్చి మార్చి పరీక్షింపుము. రెండవదానికిని అట్లే చేయుము. అప్పటికిని ఫలము లేనిచో రెండింటిని తీసివేసి బటన్ నొక్కుము. బీప్ శబ్దములు గాని, దీపపు మినుకులు గాని వచ్చినచో విచారింపక సంతసింపుము: మెమరీ లేదని మొఱపెట్టుటకైనను ప్రాసెసరును బయాసును సజీవములై యుండవలెను గదా! స్క్రీను వెలుగకమునుపే తన్ను తాను పరీక్షించుకొని లోపమును శబ్దముతో తెలుపు ఈ ఆచారము 1981 నాటి ఐబీఎమ్ పీసీయందును కలదు. అట్లే డిస్కు లేకుండ నడిపినపుడు, బూట్ డివైస్ లేదను సందేశము కనబడుటయే జయము. విండోస్ రాలేదని కలతపడకుము.

లేచిన పిమ్మట ఒక్కొక్కటిగా తిరిగి తగిలించుచు పొమ్ము. దేనితో మరల ఆగునో అదియే దోషి. అన్నియు తీసివేసినను ఉలుకు పలుకు లేనిచో దుకాణదారుని మాటయే నిలిచినదనుకొనవచ్చును. అపుడైనను కొత్త బోర్డు కొనుటకు ముందు చిప్ లెవెల్ పని తెలిసినవారికి చూపింపుము.

బీపులు వినబడినచో, అందు హ్రస్వములెన్ని, దీర్ఘములెన్నియో లెక్కించి వ్రాయుము. మీ అమ్మను అడిగితినని చెప్పుము.