దాగలి మీది అక్షరాలు

కమ్మరి కొలిమినీ, తిత్తినీ, సమ్మెటనూ, పట్టుకారునూ మీలో చాలామంది చూచే ఉంటారు. కాలిన ఇనుమును పెట్టి సాగగొట్టే ఇనుప దిమ్మెను దాగలి అంటారు. పట్టెడ అని కూడా అంటారు. తమిళంలో ఇది పట్టడై, కన్నడంలో అడిగల్లు, మరాఠీలో ఐరణ్. మీ ఊరి కమ్మరి ఏ మాట వాడతాడో అడిగి తెలుసుకోండి.

హోసూరు దగ్గరి ఒక పల్లెలో ఒక కమ్మరి తాత ఉన్నాడు. చూపు తగ్గి, కొలిమి ఆర్పి నాలుగేళ్లయింది. ఒకనాడు పాత ఇనుము కొనే వ్యాపారి వచ్చి, కొట్టం మూలనున్న పెద్ద దాగలిని కిలోల లెక్కన ఇమ్మన్నాడు. తాత సరేనన్నాడు.

"తాతా, దీని పక్కన ఏవో అక్షరాలున్నాయి. చదివిన తరువాత ఇద్దాం" అంది మనవరాలు.

"తుప్పు పట్టిన ఇనుములో చదివేదేముంది పాపా! సరే, రేపు రమ్మందాం" అన్నాడు తాత.

పక్కింటి అన్న గ్రైండరు తెచ్చి దాగలిని తళతళలాడేట్టు చేస్తానన్నాడు. ఆమె వద్దంది. ఆ మాటే ఆ దాగలిని కాపాడింది. తయారీదారు గుర్తులను ఇనుములోకి అచ్చుతో అద్దుతారు. వాటి లోతు చాలా తక్కువ. గ్రైండరు పెడితే తుప్పుతోపాటు అక్షరాలూ పోతాయి. పైతలాన్ని అరగదీస్తే ఇంకా నష్టం. ఇటువంటి పాత దాగలికి ఒళ్లంతా మెత్తని ఇనుము; పైన మాత్రం గట్టి ఉక్కు పలకను అతుకుతారు. ఆ పలక పలుచన. కొత్తదానిలా కనిపించాలని దాన్ని అరగదీసి, మంచి దాగళ్లను పాడుచేసినవారు ఎందరో!

ఆమె గట్టి కుంచెతో మట్టిని దులిపింది. సుద్దపొడి రాసి, పైపైన తుడిచింది. పొడి గుంటల్లో నిలిచింది. చీకటి పడ్డాక టార్చిలైటును ఎదురుగా కాక పక్కవాటుగా పట్టింది. నీడలు పడి అక్షరాలు లేచాయి: పీటర్ రైట్, పేటెంట్. పక్కనే గుండ్రంగా మరో రెండు మాటలు, సాలిడ్ రాట్. అంటే సాగగొట్టిన గట్టి ఇనుము అని. వాటి కింద 1, 2, 10 అనే అంకెలు.

పీటర్ రైట్ ఇంగ్లండులోని డడ్లీ పట్టణపు తయారీదారు. 19వ శతాబ్దంలో ఆ పేరుగల దాగళ్లు అనేక దేశాలకు వెళ్లాయి. ఆ అంకెలు తేదీ కాదు, తూకం. ఇంగ్లండులో బరువును హండ్రెడ్‌వెయిట్‌లలో లెక్కించేవారు. పేరులో వంద ఉన్నా ఒక హండ్రెడ్‌వెయిట్ 112 పౌనులు! అందులో నాలుగోవంతు 28. మొదటి అంకెను 112తో, రెండోదానిని 28తో హెచ్చించి, మూడోదానిని అలాగే కలపాలి. 112, 56, 10 కలిపితే 178 పౌనులు, అంటే దాదాపు 81 కిలోలు. ఈ లెక్కలో నడిమి అంకె 3 దాటదు; చివరిది 27 దాటదు. దాటితే ఆ దాగలి తూకం మరో పద్ధతిలో వేశారన్నమాట.

కాలం తేల్చడం అంత సులభం కాదు. దిగుమతి సరుకుపై తయారైన దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేసింది. కాబట్టి ఇంగ్లండు అనే మాట ఉంటే ఆ తరువాతి కాలానిదని ఊహించవచ్చు. లేనంత మాత్రాన పాతదని తీర్పు చెప్పరాదు. ఈ దాగలిపై ఆ మాట ఉన్నదో, అరిగిపోయిందో ఆమెకు కనిపించలేదు. నడుములో చదరపు గుంట ఒకటి కనిపించింది. తయారుచేసేటప్పుడు బరువైన ముద్దను తిప్పడానికి అందులో కడ్డీ దూర్చేవారు. పోతపోసింది కాదు, సాగగొట్టి చేసిందని చెప్పడానికి అదొక ఆనవాలు.

తాత చిన్న సుత్తితో తట్టాడు. గుడిగంటలా ఖంగుమంది. అయితే మోగనిదల్లా నాసిరకమని అనుకోకండి. అమెరికాలోని ట్రెంటన్‌లో తయారైన ఫిషర్ దాగలిపై గద్ద బొమ్మ ఉంటుంది. దాని ఒళ్లు పోత ఇనుము, పైన ఉక్కు. మెత్తగా పలుకుతుంది, పనికి మాత్రం మేలైనది.

మర్నాడు వ్యాపారి తూచాడు. 79 కిలోలు వచ్చింది. "రెండు కిలోలు ఏమైంది తాతా?" అంది మనవరాలు.

"మీ ముత్తాత సమ్మెటా, నా సమ్మెటా తినేశాయి పాపా. కోలారు గనుల ఊళ్లో కొన్నాడట మా నాయన. ఎద్దులబండి మీద మూడు రోజులు తెచ్చాడట."

ఈ సంగతి దాగలి మీద ఎక్కడా లేదు. ఆమె నోటు పుస్తకం తెచ్చి, తాత చెప్పింది చెప్పినట్టే రాసుకుంది.

"పాత రేకులున్నాయి, అవి పట్టుకుపో" అన్నాడు తాత వ్యాపారితో.

అభ్యాసం: ఒక ఇంగ్లండు దాగలి మీద 0, 3, 14 అని ఉంది. దాని బరువు ఎన్ని పౌనులో లెక్కగట్టండి. మీ ఇంట్లోని పాత పనిముటు ఒకదాన్ని గీకకుండా పరిశీలించి, దానిపై కనిపించినవి ఒకవైపు, పెద్దలు చెప్పినవి మరోవైపు రాయండి.