పెట్రోలు పడవ నుండి కరెంటు పడవకి

మా నాన్నగారు గోదావరి మీద ఒక రేవులో ముప్ఫై ఏళ్ళు సరంగుగా పని చేశారు. డీజిలు ఇంజను పక్కన నిలబడి పంటు నడిపి నడిపి ఆయన ఎడమ చెవి దాదాపు పోయింది. ఇప్పటికీ ఆయనతో మాట్లాడాలంటే కుడి పక్కకి వెళ్ళి, కాస్త గొంతు పెంచాలి. కిందటి వేసవిలో న్యూజెర్సీ వచ్చినప్పుడు ఆయన్ని మా చిన్న పడవ ఎక్కించాను. గట్టు వదిలి పది గజాలు వెళ్ళామో లేదో, వెనక్కి తిరిగి, "ఇంజను ఆగిపోయిందేంట్రా?" అన్నారు.

ఆగలేదు. అది కరెంటు మోటారు. మూడేళ్ళ క్రితం దాకా ఇదే పడవకి పెట్రోలు ఇంజను ఉండేది. ఎందుకు మార్చాను, మార్చాక ఏం కలిసొచ్చింది, ఏం కలిసి రాలేదు అన్నది లెక్కలతో సహా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. కూడికలు, గుణకారాలు వస్తే చాలు, ఇంజనీరింగు చదివి ఉండక్కర్లేదు.

తలనొప్పితో మొదలైన కథ

మాది 16 అడుగుల అల్యూమినియం పడవ. సెకండ్‌హేండ్‌లో కొన్నప్పుడు దానితో పాటు 9.9 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్ ఇంజను వచ్చింది. హొపట్‌కాంగ్ సరస్సులో వారాంతాల్లో తిరిగేవాళ్ళం. ఒక ఆగస్టు సాయంత్రం గాలి వెనక నుంచి వీస్తోంది, మేము నెమ్మదిగా వెళుతున్నాం. వెనక ఇంజను దగ్గర కూర్చున్న మా అమ్మాయి తల నొప్పిగా ఉందంది. కాసేపటికి వాంతి చేసుకుంది. ఎండదెబ్బ అనుకున్నాను. నర్సుగా పనిచేసే మా ఆవిడ మాత్రం, "ముందు దాన్ని ఆ పొగ దగ్గర్నుంచి లేపండి" అంది. పిల్లని ముందుకి తెచ్చి, ఇంజను ఆపేసి, తెడ్లు వేసుకుంటూ గట్టుకి చేరాం. అరగంటలో తేరుకుంది. రక్త పరీక్ష చేయించలేదు కనుక ఫలానా కారణం అని ఖాయంగా చెప్పలేను. కానీ ఆ రాత్రి కూర్చుని చదివాక, పిల్లని అక్కడ కూర్చోబెట్టడం నా తప్పేనని మాత్రం అర్థమయింది.

పెట్రోలు పూర్తిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఉన్న హిమోగ్లోబిన్‌కి ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా అతుక్కుంటుంది. అతుక్కున్న మేరకి ఆక్సిజన్‌కి చోటుండదు. పడవ నెమ్మదిగా వెళుతూ, గాలి వెనక నుంచి వీస్తుంటే పొగ వెనక్కి పోకుండా పడవలోకే వస్తుంది. ఆరుబయట కదా, ఏమవుతుందిలే అనుకోవడం పొరపాటు. 2000 ఆగస్టులో లేక్ పవెల్‌లో ఇద్దరు అన్నదమ్ములు హౌస్‌బోటు వెనక ఈదుతూ ఈ వాయువు వల్లనే చనిపోయారు. ఆ తరువాతే ప్రభుత్వ పరిశోధకులు ఈ సమస్యని లోతుగా పరిశీలించారు.

పాత టూ-స్ట్రోక్‌లకి ఇంకో జబ్బు ఉంది. పొగ బయటికి పోయే దారి, పెట్రోలు లోపలికి వచ్చే దారి ఒకేసారి తెరుచుకుని ఉంటాయి. అందువల్ల పోసిన పెట్రోలులో పాతిక శాతం దాకా మండకుండానే నీళ్ళలోకి పోతుంది. ఈ కారణంగానే లేక్ టాహో మీద 1999లో కార్బురేటరు ఉన్న టూ-స్ట్రోక్‌లని నిషేధించారు. న్యూజెర్సీలో మెరిల్ క్రీక్ రిజర్వాయరు మీద అసలు పెట్రోలు ఇంజనే వాడకూడదు. తెడ్లు, తెరచాప, లేదా కరెంటు మోటారు, అంతే.

ఇదేమీ కొత్త సంగతి కాదు

కరెంటు పడవ వయసు దాదాపు 190 ఏళ్ళు. 1838లో జాకొబీ అనే శాస్త్రవేత్త సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నెవా నది మీద డజనుకి పైగా మనుషులని ఎక్కించుకుని కరెంటు పడవ నడిపాడు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో 50కి పైగా కరెంటు పడవలు సందర్శకులని తిప్పాయి. వాటిని తయారు చేసిన ఎల్కో కంపెనీ తరువాత మా న్యూజెర్సీలోని బేయొన్‌లోనే స్థిరపడింది. మరి మధ్యలో వంద ఏళ్ళు ఏమయింది? సీసం బేటరీల బరువు ఒక పక్క, చవక పెట్రోలు ఇంకో పక్క కలిసి వాటిని మూలకి నెట్టేశాయి.

ఒక గేలను, ఒక బేటరీ

కరెంటు బిల్లులో "ఒక యూనిట్" అంటే ఒక కిలోవాట్-అవర్. మన లెక్కలకి అదే కొలత. ఒక గేలను పెట్రోలులో సుమారు 33.7 యూనిట్ల శక్తి ఉంది. నేను కొన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బేటరీలో 5 యూనిట్లు పడతాయి, బరువు 100 పౌనులు. అంటే ఇద్దరు కలిసి ఎత్తవలసిన బేటరీలో ఉన్నది గేలనులో ఏడో వంతు శక్తి. ఇలా చూస్తే నేను మోసపోయినట్టే!

కానీ మనకి కావలసింది టాంకులో ఉన్న శక్తి కాదు, పంఖా తిప్పిన శక్తి. నెమ్మదిగా నడిచే పాత ఇంజను పెట్రోలులో ఉన్న శక్తిలో పదో వంతు కంటే కాస్త ఎక్కువే పంఖాకి అందిస్తుంది. మిగిలినదంతా వేడి, పొగ, మోత. 33.7లో 12 శాతం అంటే 4 యూనిట్లు. కరెంటు మోటారు 85 శాతం పైనే అందిస్తుంది. 5 యూనిట్లలో 85 శాతం కూడా సుమారు 4 యూనిట్లే. కనుక నా బేటరీ నా పాత ఇంజనుకి పోసిన ఒక గేలనుతో సమానం. గుర్తు పెట్టుకోవలసింది ఏమిటంటే, "ఒక" గేలనుతో మాత్రమే.

వేగం తెచ్చే చేటు

నీళ్ళలో వేగం రెట్టింపు చెయ్యాలంటే శక్తి రెట్టింపు చేస్తే సరిపోదు. దాదాపు ఎనిమిది రెట్లు కావాలి. నా పడవకి గంటకి 4 మైళ్ళ వేగంలో 700 వాట్లు చాలు. 5 మైళ్ళకి 1,400 వాట్లు. ఒక్క మైలు పెంచితే ఖర్చు రెట్టింపు! బేటరీలో 4 యూనిట్లే వాడతాననుకుంటే, మొదటి వేగంలో అయిదున్నర గంటల పైన, అంటే సుమారు 23 మైళ్ళు తిరగవచ్చు. రెండో వేగంలో మూడు గంటలు కూడా రాదు, 14 మైళ్ళతో సరి. నా పడవ పొడుగుకి 6 మైళ్ళ దగ్గర నీళ్ళు గోడలా అడ్డుకుంటాయి. తన అల మీదకి తానే ఎక్కవలసి వచ్చి, చాలా ఎక్కువ శక్తి పోస్తే తప్ప వేగం పెరగదు.

కనుక వాటర్ స్కీయింగుకి, పొద్దున్నుంచి రాత్రి దాకా దూరాలు తిరగడానికి ఇది పనికిరాదు. చేపలు పట్టుకోవడానికి, పిల్లలతో షికారుకి బంగారం.

డబ్బు సంగతి

మోటారు, బేటరీ, ఛార్జరు, తీగలు, ఫ్యూజులు అన్నీ కలిపి నాకు 4,500 డాలర్లు అయింది. ఒకసారి బేటరీ నింపడానికి నష్టాలతో కలిపి 6 యూనిట్లు, మా ఇంటి బిల్లు ప్రకారం డాలరు పావు. షికారుకి మిగిలేది మూడు డాలర్లు. ఏడాదికి 25 షికార్లకి 75. కార్బురేటరు శుభ్రం చెయ్యడం, గేరు నూనె, స్పార్క్ ప్లగ్గులు, చలికాలం ముందు చేసే తతంగం, ఇవన్నీ తప్పినందుకు ఇంకో 250. మొత్తం 325. ఈ లెక్కన పెట్టుబడి తిరిగి రావడానికి సుమారు 14 ఏళ్ళు! డబ్బు కోసం మార్చానని చెబితే అది అబద్ధం. పొగ కోసం, మోత కోసం మార్చాను. మిగిలింది లాభం.

మార్చుకునే వారికి నాలుగు మాటలు

ఒకటి, బేటరీని మూడు భాగాలుగా చూసుకోండి. మొదటి భాగం వెళ్ళడానికి, రెండోది రావడానికి, మూడోది ఎదురుగాలికి. మొదటి ఏడాది ఈ సూత్రం మరిచిపోయి, చివరి అర మైలు తెడ్లు వేశాను. రెండు, తెడ్లు, లైఫ్ జాకెట్లు ఎప్పుడూ పడవలోనే ఉండాలి. మూడు, బేటరీ పక్కనే సరైన ఫ్యూజు ఉండాలి, కనెక్షన్లు తడవకూడదు. తీగలు బిగించడం చేతకాకపోతే తెలిసినవారి చేత చేయించండి. నాలుగు, నీరు గడ్డకట్టే చలిలో లిథియం బేటరీని ఛార్జి చెయ్యకండి, పాడవుతుంది.

నాన్నగారి ప్రశ్న

పడవ దిగాక నాన్నగారు అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇది మన రేవులో పంటుకి పనికొస్తదా?"

కాగితం, కలం తీసుకున్నాను. నా పడవకి లెక్క కుదరకపోవడానికి కారణం ఏడాదికి 25 సార్లే తిరగడం. పంటు రోజూ పొద్దున్నుంచి రాత్రి దాకా తిరుగుతుంది. ఎంత ఎక్కువ తిరిగితే డీజిలు మీద అంత మిగులు. పైగా దూరం చిన్నది, దారి మారదు, వేగం అక్కర్లేదు, రెండు గట్ల మీదా ఆగుతుంది. కరెంటు పడవకి ఉన్న లోపాలేవీ అక్కడ అడ్డు రావు.

ఇది ఊహ కూడా కాదు. నార్వేలో 2015 నుంచి ఆంపియర్ అనే ఫెర్రీ 120 కార్లని, 360 మందిని బేటరీల మీదే సముద్రపు పాయ దాటిస్తోంది. ఆ పల్లెల్లో కరెంటు లైన్లు బలహీనమైనవి. అందుకని రెండు గట్ల మీదా పెద్ద బేటరీలు పెట్టి, అవి తీరిగ్గా నిండేలా, పడవ రాగానే గబగబా దానికి ఇచ్చేలా ఏర్పాటు చేశారు. లైను బలహీనంగా ఉన్న రేవు ఎక్కడున్నా ఈ కిటుకు పనికొస్తుంది. అంత దూరం ఎందుకు, కేరళలో వైకం దగ్గర 2017 జనవరిలో 75 మంది పట్టే "ఆదిత్య" సోలార్ పడవ మొదలైంది. కొచ్చిలో 2023 ఏప్రిల్‌లో వాటర్ మెట్రో వచ్చింది. వరద రోజుల్లో గోదావరి వడికి ఎంత శక్తి కావాలో అక్కడే కొలవాలి. ఆ రోజులకి డీజిలు జనరేటరు తోడు ఉంచుకోవచ్చు, కొచ్చి పడవల్లో ఉన్నట్టే.

ఇదంతా వివరించాక నాన్నగారు కాసేపు ఊరుకున్నారు. "నా చెవికి కాదులే. ఇప్పుడు నడిపే కుర్రాళ్ళకి" అన్నారు. అప్పుడు గమనించాను, నేను ఆయన ఎడమ పక్కన కూర్చున్నాను. లెక్కల హుషారులో గొంతు ఎంత పెంచానో నాకే తెలియలేదు.