ఇంట్లో ఒక పాత సీఆర్వో పెట్టుకోండి

సర్వీసు ఉద్యోగమంటే ఇప్పుడు బోర్డు పీకి బోర్డు పెట్టడమే. ఏ పార్టు పోయింది, ఎందుకు పోయింది అని వెతికే తీరిక ఉండదు. ఆ విద్య చేతికి రావాలనుకునే కుర్రవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఒక పాత ఆసిలోస్కోపు (సీఆర్వో) తెచ్చి బాగుచేయండి.

టెక్ట్రానిక్స్ 465 అయితే మరీ మంచిది. 1972లో వచ్చిన 100 మెగాహెర్ట్జ్ స్కోపు అది. దాని సర్వీసు మాన్యువల్లో సర్క్యూట్ మొత్తం ఉంటుంది. ఏ పాయింటు దగ్గర ఎన్ని వోల్టులుండాలో, తరంగం ఎలా కనబడాలో కూడా అచ్చువేశారు. ఇంత ఓపిగ్గా నేర్పే పుస్తకం ఇప్పటి పరికరాలతో రాదు.

తేగానే ప్లగ్గు పెట్టకండి. నేనొకసారి పాత సిగ్నల్ జనరేటర్‌కు అలాగే పెట్టాను. ఫిల్టర్ కెపాసిటర్ పొగలు కక్కింది, దానితోపాటే ట్రాన్స్‌ఫార్మరూ కాలిపోయింది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ దొరకలేదు. ఇప్పటికీ బాధే.

ముందు వెనకవైపు వోల్టేజీ సెలెక్టర్ చూడండి. అమెరికా నుంచి వచ్చినదైతే 115 మీద ఉండొచ్చు. మన కరెంటు 230. ఫ్యూజూ సరిచూడండి. తర్వాత మన రేడియో మెకానిక్కులు వాడే సిరీస్ బల్బే: ఫేజు తీగలో 100 వాట్ల ఫిలమెంట్ బల్బు. ఎల్‌ఈడీ పనికిరాదు. స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే సరే. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టుంది, ఆపేయండి.

షార్టు లేదని తేలాక బల్బు తీసేసి సప్లైలు కొలవండి. 465లో అవి ఐదు: 110, 55, 15, 5, మైనస్ 8 వోల్టులు. ఇవి సరిపడేదాకా మరో చోట చేయి పెట్టొద్దు. ట్రేసు రాకపోవడానికి కారణం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. ఒక సప్లై సున్నాకు పడిపోయిందా? ప్లగ్గు పీకి, కాసేపు ఆగి, ఆ లైను నుంచి గ్రౌండుకు ఓములు చూడండి. ఒకటీ అరా ఓమే చూపిస్తే, శనగగింజంత ఉండే టాంటలం కెపాసిటర్లను అనుమానించండి. ఒక్కోదాని కాలు లేపుతూ మళ్లీ కొలవండి. దేని కాలు లేపితే రీడింగు పైకి లేచిందో, దొంగ అదే. కొత్తది ఎక్కువ వోల్టేజీ రేటింగుది వేయండి. ప్లస్సూ మైనస్సూ రెండుసార్లు చూసుకోండి, తిరగేస్తే టాంటలం మండుతుంది. హైదరాబాద్ వాళ్లు కోఠీ గుజరాతీ గల్లీలో వెతకొచ్చు.

పిక్చర్ ట్యూబు దగ్గర వేల వోల్టులుంటాయి. ప్లగ్గు పీకాక కూడా కొంతసేపు నిలిచి ఉంటాయి. అందుకే డ్యూటీ దిగి అలసి వచ్చిన రాత్రి మూత తీయకండి, మాన్యువల్ చదువుకోండి. ఎర్త్ పిన్ను మాత్రం ఎప్పుడూ తీసేయకండి.

కొలిచిన ప్రతి అంకె నోటుబుక్కులో రాయండి: తేదీ, పాయింటు, ఉండాల్సింది, ఉన్నది. వచ్చే ఇంటర్వ్యూకు సర్టిఫికెట్లతోపాటు ఆ పుస్తకమూ పట్టుకెళ్లండి. లోపం ఎలా పట్టుకుంటావని అడిగితే పేజీ తిప్పి చూపించవచ్చు.