దూరపు డెస్క్‌టాప్‌లో వీడియో ఎందుకు తడబడుతుంది?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణం. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర ప్రాంతపు కుటుంబాలు పనికోసం వచ్చి స్థిరపడిన చోట్లలో ఇదొకటి. ఇక్కడి తార్‌బహార్ వంటి బస్తీలో ఒక చిన్న కంప్యూటర్ శిక్షణ గదిని ఊహించుకోండి. పది బల్లలు, పది తెరలు, ఒక్కో తెర వెనుక అరచేయంత పెట్టె. అసలు కంప్యూటర్ మాత్రం ఒక్కటే, అది మూలనున్న సర్వర్.

ఉదయం అంతా పని సాఫీగా సాగుతుంది. టైపింగ్ నేర్చుకునేవారికి ఇబ్బంది లేదు, లెక్కల పట్టికలు చకచకా తెరుచుకుంటాయి. మధ్యాహ్నం ఉపాధ్యాయుడు బ్రౌజర్‌లో ఒక పాఠం వీడియో పెట్టమంటాడు. బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. మాట ముందు వినిపిస్తుంది, పెదవి తర్వాత కదులుతుంది. రెండు తెరల్లో శబ్దమే లేదు, ఒక తెర పూర్తిగా నల్లగా ఉంది. గదిలో అందరి నోటా ఒకటే మాట: ‘నెట్ స్లో’.

నెట్ వేగం పెంచితే ఇది తగ్గుతుందా? చాలా సందర్భాల్లో తగ్గదు. ఎందుకంటే తప్పు జరిగే చోటు వేరు. ఆ చోటును కనిపెట్టడం నేర్చుకుంటే అనవసరపు ఖర్చు తప్పుతుంది.

ఒకే కంప్యూటర్, పదిమంది వాడుకరులు

రిమోట్ డెస్క్‌టాప్ అంటే దూరంగా ఉన్న కంప్యూటర్‌ను మన ముందున్న తెర, కీబోర్డు, మౌస్‌లతో నడపడం. కార్యక్రమాలన్నీ సర్వర్‌లోనే నడుస్తాయి. మన వైపు వచ్చేది దాని తెర బొమ్మ మాత్రమే. మన వైపు నుంచి వెళ్లేవి కీబోర్డు నొక్కులు, మౌస్ కదలికలు. మైక్రోసాఫ్ట్ ఈ సౌకర్యాన్ని 1998లో విండోస్ ఎన్‌టీ 4.0 టెర్మినల్ సర్వర్‌తో విడుదల చేసింది. ఇందుకు వాడే సంభాషణ పద్ధతి పేరు ఆర్‌డీపీ.

ఒకే కంప్యూటర్‌ను పలువురు పంచుకునే ఆలోచన తెలుగువారికి కొత్తది కాదు. 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 ప్రభుత్వ పాఠశాలల్లో కంప్యూటర్ విద్య పథకం మొదలైనప్పుడు ఎన్‌కంప్యూటింగ్ అనే సంస్థ పరికరాలను వాడారు. ఒక కంప్యూటర్‌కు చిన్న పెట్టెలు తగిలించి చాలామంది పిల్లలు ఒకేసారి కూర్చునేలా చేయడం వాటి పని. ఖర్చు తగ్గుతుంది, కరెంటు ఆదా అవుతుంది, మరమ్మతు ఒక్కచోటే ఉంటుంది. అయితే పంచుకునే పద్ధతి ఏదైనా దానికి కఠిన పరీక్ష వీడియోయే.

గేజ్ మారే చోట సరుకు దించినట్టు

దీనికి పోలిక బిలాస్‌పూర్ మీదుగా వెళ్లే రైలు మార్గం చరిత్రలోనే దొరుకుతుంది. 1880ల ఆరంభంలో నాగ్‌పూర్ నుంచి రాజ్‌నంద్‌గావ్ వరకు వేసిన ఛత్తీస్‌గఢ్ రైలు మార్గం మీటర్ గేజ్. నాగ్‌పూర్‌కు బొంబాయి వైపు నుంచి వచ్చే దారి బ్రాడ్ గేజ్. పట్టాల వెడల్పు మారే చోట వ్యాగన్ ముందుకు కదలదు. సరుకంతా ఒక బండిలోంచి దించి ఇంకో బండిలోకి ఎక్కించాలి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఆ దారిని బ్రాడ్ గేజ్‌గా మార్చి, బిలాస్‌పూర్ మీదుగా పొడిగించింది. 1891 నాటికి నాగ్‌పూర్ నుంచి ఆసన్‌సోల్ వరకు ఒకే గేజ్ మార్గం సిద్ధమైంది.

రిమోట్ డెస్క్‌టాప్‌లో వీడియోకు ఎదురయ్యేది ఇలాంటి గేజ్ మార్పే. వెబ్‌సైటు నుంచి వీడియో బాగా కుదించిన రూపంలో సర్వర్‌కు చేరుతుంది. సర్వర్‌లోని బ్రౌజర్ దాన్ని విప్పి, ఒక్కో ఫ్రేమును తెర మీద గీస్తుంది. రిమోట్ డెస్క్‌టాప్ ఆ తెరను ఫోటో తీసినట్టు తీసి, మళ్లీ కుదించి, పంపుతుంది. మన ముందున్న పెట్టె దాన్ని మళ్లీ విప్పి చూపిస్తుంది. అంటే ఒకే వీడియోను రెండుసార్లు కుదించి, రెండుసార్లు విప్పుతున్నాం. దారి ఎంత వెడల్పుగా ఉన్నా, దించి ఎక్కించే యార్డులో మనుషులు చాలకపోతే బండ్లు నిలిచిపోతాయి. సర్వర్ ప్రాసెసరే ఇక్కడ ఆ యార్డు.

లెక్క వేస్తే తెలిసేది

నిలువు 1080, అడ్డం 1920 చుక్కలున్న తెర మీద మొత్తం 20,73,600 చుక్కలు ఉంటాయి. ఒక్కో చుక్క రంగుకు 24 బిట్లు, సెకనుకు 30 ఫ్రేములు అనుకుంటే కుదించని వీడియో సెకనుకు సుమారు 149 కోట్ల బిట్లు. గదిలోని కేబుల్ సెకనుకు 100 కోట్ల బిట్లు మోసేదైనా ఒక్క వీడియోకే చాలదు. అదే వీడియోను బాగా కుదిస్తే సెకనుకు సుమారు 50 లక్షల బిట్లతో సరిపోతుంది, అంటే దాదాపు మూడువందల వంతుల తగ్గుదల.

ఈ కుదింపు ఊరికే రాదు. పక్కపక్కనున్న ఫ్రేములను పోల్చి, ఏది కదిలింది, ఎటు కదిలింది అని వెతకాలి. వెబ్‌సైటు వారు ఈ పనిని తీరిగ్గా ఒకసారి చేసి దాచుకుంటారు. రిమోట్ డెస్క్‌టాప్‌కు అంత సమయం లేదు. సెకనులో ముప్ఫయ్యో వంతులో, అప్పటికప్పుడు, ప్రతి వాడుకరికీ విడివిడిగా చేయాలి.

టైపింగ్ ఎందుకు బాగుంటుందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. అక్షరం కొడితే తెరలో మారేది చిన్న ముక్క. ఆ ముక్క ఒక్కటి పంపితే చాలు. వీడియో నడిచే చోట మాత్రం ప్రతి ఫ్రేములోనూ దాదాపు ప్రతి చుక్కా మారుతుంది.

తప్పు ఎక్కడుందో పట్టుకునే పరీక్షలు

మరమ్మతుకు ముందు కొలత కావాలి. కింది నాలుగు పరీక్షలకు డబ్బు ఖర్చు లేదు.

మొదటిది: ఎవరూ పని చేయని వేళ, సర్వర్‌కే నేరుగా తగిలించిన తెర మీద అదే వీడియో నడపాలి. అక్కడా తడబడితే తప్పు సర్వర్‌లోనో, సర్వర్‌కు వచ్చే నెట్‌లోనో ఉంది. అక్కడ బాగుండి, పెట్టె ముందు తడబడితే తప్పు రెండో సగంలో ఉంది.

రెండోది: సర్వర్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి ఒక వీడియో, తర్వాత రెండు, తర్వాత మూడు నడుపుతూ ప్రాసెసర్ వాడకం చూడాలి. ఏ వీడియో దగ్గర అది నూరు శాతానికి చేరుతుందో అదే ఆ సర్వర్ మోయగల హద్దు.

మూడోది: యూట్యూబ్ వంటి ప్లేయర్లలో వీడియో మీద కుడి క్లిక్ చేస్తే ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ అనే పట్టిక కనిపిస్తుంది. అందులో వదిలేసిన ఫ్రేముల సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య పెరుగుతూ పోతే బ్రౌజరే వెనకబడుతోందని అర్థం. సంఖ్య దాదాపు సున్నా ఉండీ కళ్లకు బొమ్మ తడబడుతుంటే, బ్రౌజర్ తన పని చేసింది, ఆ తర్వాతి ప్రయాణంలో ఫ్రేములు పోతున్నాయి.

నాలుగోది: ఆర్‌డీపీ కిటికీ పైపట్టీలోని సిగ్నల్ గుర్తు నొక్కితే కనెక్షన్ తీరు తెలుస్తుంది. 2012 నుంచి ఆర్‌డీపీ టీసీపీతో పాటు యూడీపీ పద్ధతినీ వాడుకుంటోంది. ఫైర్‌వాల్‌లో యూడీపీ మూసి ఉంటే టీసీపీ ఒక్కదానితోనే నెట్టుకొస్తుంది. టీసీపీలో ఒక పొట్లం పోతే అది మళ్లీ వచ్చేదాకా వెనకవన్నీ ఆగాలి. తరచూ పొట్లాలు పోయే దారిలో దీని ప్రభావం వీడియో మీద బాగా కనిపిస్తుంది.

లక్షణాన్ని బట్టి మందు

వీడియో అసలు తెరుచుకోకపోతే: విండోస్ సర్వర్‌లో మీడియా విభాగాలు మొదట్లో అన్నీ ఉండకపోవచ్చు. ఫైర్‌ఫాక్స్ హెచ్.264 వీడియోను విప్పడానికి విండోస్‌లోని మీడియా ఫౌండేషన్ మీద ఆధారపడుతుంది. సర్వర్ మేనేజర్‌లో ఆ ఫీచర్‌ను చేర్చి, సర్వర్‌ను ఒకసారి తిరిగి ప్రారంభిస్తే సరిపోతుంది. క్రోమ్ తన విప్పే సాధనాన్ని తనతోనే తెచ్చుకుంటుంది. అందుకే ఒకే సర్వర్‌లో ఒక బ్రౌజర్‌లో నడిచే వీడియో మరో బ్రౌజర్‌లో నడవకపోవచ్చు.

శబ్దం లేకపోతే: చాలా సర్వర్లలో విండోస్ ఆడియో సర్వీసు మొదట్లో ఆపి ఉంటుంది. దాన్ని ఆటోమేటిక్‌గా మార్చి నడపాలి. తర్వాత కనెక్షన్ సెట్టింగ్‌లలో శబ్దం ‘ఈ కంప్యూటర్‌లో వినిపించు’ అని ఎంచుకోవాలి. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. బ్రౌజర్లు సాధారణంగా శబ్దాన్నే గడియారంగా పెట్టుకుని ఫ్రేములను దానికి సరిపెడతాయి. ఆడియో పరికరం సరిగా స్పందించకపోతే బొమ్మ కూడా నిలిచిపోవచ్చు.

ప్రాసెసర్ నిండిపోతే: వీడియో నాణ్యతను 1080 నుంచి 480కి తగ్గిస్తే విప్పాల్సిన చుక్కలు సుమారు ఐదో వంతుకు తగ్గుతాయి. అయితే చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. 480 వీడియోను తెర నిండా సాగదీస్తే, రిమోట్ డెస్క్‌టాప్ మళ్లీ కుదించాల్సింది మొత్తం తెరనే. మొదటి సగం బరువు తగ్గింది కానీ రెండో సగం బరువు అలాగే ఉంది. కాబట్టి నాణ్యతతో పాటు కిటికీ పరిమాణాన్నీ తగ్గించాలి. వీడియో ఏ పద్ధతిలో కుదించి వచ్చిందన్నదీ ముఖ్యమే. వీపీ9, ఏవీ1 పద్ధతులు నెట్‌ను ఆదా చేస్తాయి కానీ, గ్రాఫిక్స్ చిప్ సాయం లేని సర్వర్‌లో వాటిని విప్పడం హెచ్.264 కన్నా బరువు.

సర్వర్‌లో గ్రాఫిక్స్ కార్డు ఉండీ పని చేయకపోతే: రిమోట్ సెషన్లు దాన్ని వాడుకునేలా గ్రూప్ పాలసీలో చెప్పాలి. ‘యూజ్ హార్డ్‌వేర్ గ్రాఫిక్స్ అడాప్టర్స్’ అని మొదలయ్యే పాలసీని అనుమతించాలి. విండోస్ సర్వర్ 2016 నుంచి తెరను హెచ్.264తో కుదించే పాలసీలూ అక్కడే ఉన్నాయి. కార్డు లేని సర్వర్‌లో తెర నల్లబడుతుంటే బ్రౌజర్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ను ఆపి చూడవచ్చు. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, ప్రతి మార్పు తర్వాత పరీక్ష మళ్లీ చేయాలి. లేకపోతే ఏ మందు పని చేసిందో తెలియదు.

అద్దెకు తీసుకునే సినిమాల వంటివి మాత్రమే నల్లగా కనిపిస్తే: అది లోపం కాకపోవచ్చు. కాపీ కాకుండా కాపాడే తాళం ఉన్న వీడియోలు తెరను వేరేచోటికి పంపనివ్వవు.

దించకుండానే పంపగలిగితే

గేజ్ సమస్యకు అసలు పరిష్కారం యార్డులో మనుషులను పెంచడం కాదు, ఒకే గేజ్ వేయడం. ఇక్కడా అలాంటి దారి ఉంది. సర్వర్ వీడియోను విప్పకుండా, కుదించిన రూపంలోనే మన ముందున్న పరికరానికి అప్పగిస్తుంది. లేదా వీడియో చిరునామా మాత్రం ఇచ్చి నేరుగా తెచ్చుకోమంటుంది. దీన్ని రీడైరెక్షన్ అంటారు. 2009లో విండోస్ 7తో వచ్చిన ఆర్‌డీపీ 7లో విండోస్ మీడియా ప్లేయర్‌కు ఇది ఉండేది. నేడు అజూర్ వర్చువల్ డెస్క్‌టాప్‌లోనూ సిట్రిక్స్‌లోనూ బ్రౌజర్ వీడియోలకు ఇలాంటి సౌకర్యం ఉంది. షరతు ఒక్కటే: మన ముందున్న పరికరానికి వీడియో విప్పే శక్తి ఉండాలి. పాతకాలపు చిన్న పెట్టెలకు అది ఉండకపోవచ్చు.

పాత సలహాలతో జాగ్రత్త అవసరం. రిమోట్‌ఎఫ్‌ఎక్స్ వీజీపీయూ వాడమని చెప్పే పాఠాలు ఇంకా దొరుకుతాయి. భద్రతా లోపాల వల్ల మైక్రోసాఫ్ట్ దాన్ని 2020లో ఆపేసి, 2021లో తొలగించింది. అలాగే వీడియో కోసమని ఆర్‌డీపీ ద్వారమైన 3389ను ఇంటర్నెట్‌కు నేరుగా తెరవకూడదు. 2019లో బయటపడ్డ బ్లూకీప్ లోపం, పాస్‌వర్డ్ లేకుండానే పాత విండోస్ యంత్రాల్లోకి చొరబడే వీలు కల్పించింది. బయటి నుంచి రావాల్సినవారు వీపీఎన్ లేదా గేట్‌వే మీదుగా రావాలి.

గదిలోకి మళ్లీ

ఇప్పుడు ఆ శిక్షణ గదికి తిరిగి వెళ్తే, పదిమంది ఒకే పాఠం చూస్తున్నారు. అంటే ఒకే వీడియోను సర్వర్ పదిసార్లు తెచ్చుకుని, పదిసార్లు విప్పి, పదిసార్లు కుదిస్తోంది. ఒక మామూలు లాప్‌టాప్‌కు ప్రొజెక్టర్ తగిలించి గోడ మీద వేస్తే ఈ బరువంతా ఒక్కసారిగా పోతుంది. ఆ తర్వాత సాధన కోసం పిల్లలు తమ తమ తెరలకు వెళ్లవచ్చు. ఎవరి వీడియో వారే చూడాల్సినప్పుడు మాత్రమే సర్వర్ హద్దు లెక్కలోకి వస్తుంది. ఆ హద్దు ఎంతో రెండో పరీక్షలో ముందే తేలింది.

ఇది సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. ఫ్రేములు పోయినప్పుడు వీడియోలో మొదట పోయేది కదలికే. రెండు బోగీలను ఎలా తగిలించాలో, బోల్టును ఎటు తిప్పాలో చూపించే పాఠంలో నేర్చుకోవాల్సింది సరిగ్గా ఆ కదలికనే. చేయి ఇక్కడి నుంచి అక్కడికి గెంతినట్టు కనిపిస్తే, మధ్యలో ఏం చేశారో నేర్చుకునేవారికి తెలియదు. తమకే అర్థం కాలేదేమో అనుకుని ఊరుకుంటారు కూడా. నెట్ ప్లాన్ మార్చే ముందు అరగంట కేటాయించి ఆ నాలుగు పరీక్షలు చేస్తే, తప్పు పాఠంలో ఉందా, దారిలో ఉందా, యార్డులో ఉందా అన్నది తేలిపోతుంది.