గాయపడినవాడు మరల బరిలోనికి

చదువుకొనవలసిన భాగము: 1 సమూయేలు 30:9–25



ఈశాన్యపు వానలు వెనుదిరిగి, క్రిస్మసు గడచి, సంక్రాంతి దగ్గరపడుసరికి మన నెల్లూరు తీరపు ఊళ్లలో ఇసుకమీద చెడుగుడు గీతలు పడును. పగలంతయు వల లాగినవారును, పొలములో కలుపు తీసినవారును సాయంకాలమున బరిచుట్టు చేరుదురు. నిరుటి పండుగలో మోకాలు చెడి, ఏడాది పొడవున కుంటిన యౌవనుడొకడు చలిగాలి తగులగానే వచ్చి, "అయ్యగారూ, ఈసారి నేను కూతకు పోవచ్చునా?" అని అడిగినయెడల మనమేమి చెప్పవలెను? ఇది చిన్న ప్రశ్న కాదు. బరిలో ఆడు మోకాలే పడవను నీటిలోనికి తోయు మోకాలు. దానిమీదనే ఇంటిల్లిపాది అన్నము ఆధారపడియున్నది.

నేటి పాఠములో దావీదు 600 మందితో శత్రువులను తరుముచు బెసోరు వాగు చేరెను. అక్కడ 200 మంది బహుగా అలసి, వాగు దాటలేక సామానునొద్ద నిలిచిరి. దాటలేనివారిని దావీదు దాటుమని బలవంతపెట్టలేదు. తిరిగివచ్చిన తరువాత వారిని త్రోసివేయనూ లేదు. ఈ సంగతిని మనస్సున ఉంచుకొని మన ప్రశ్నను విచారింతము.

1. గాయము ఎట్టిదో మొదట తెలిసికొనవలెను

చెడుగుడులో పాదము నేలకు ఆని యుండగా శరీరము పక్కకు తిరిగినప్పుడు, లేక కూతగాని చీలమండను పట్టి లాగినప్పుడు, మోకాలిలోపల తొడ ఎముకను కాలి ఎముకతో కట్టియుంచు బంధము తెగవచ్చును. లోపల టప్పుమని శబ్దమైనట్లు తోచును. కొద్ది గంటలలోనే మోకాలు వాచును. వాపు తీసిన తరువాత తిన్నగా నడువగలడు గాని, గబుక్కున తిరిగినయెడల కాలు జారిపోవును. ఎక్స్‌రేలో ఎముక కనబడును గాని ఈ బంధము కనబడదు. గనుక "ఎముక విరుగలేదు, భయము లేదు" అని ఊరకుండుట మంచిది కాదు. ఎముకల వైద్యుడు మోకాలిని చేతితో పరీక్షించి, అవసరమైనచో ఎం.ఆర్.ఐ. తీయించి చెప్పును. అందరికిని శస్త్రచికిత్స అవసరము కాకపోవచ్చును; వ్యాయామము మాత్రము అందరికిని అవసరమే.

2. కాలమును చూడవలెను, బలమునుకూడ చూడవలెను

ఈ బంధమునకు శస్త్రచికిత్స జరిగినవారిని నార్వేలోను అమెరికాలోను పరిశీలించి 2016లో ప్రకటించిన ఒక పరిశోధన యున్నది. 9 నెలలవరకు, ఆటను వాయిదావేసిన ఒక్కొక్క నెలకు మోకాలు మరల గాయపడు అపాయము సగమువంతున తగ్గుచు వచ్చెనని అందులో తేలినది. అయితే నెలలు లెక్కించుట మాత్రమే చాలదు. గాయపడిన కాలి బలము మంచి కాలి బలములో నూటికి 90 పాళ్లయినను ఉండవలెను. ఒంటికాలిమీద గెంతినప్పుడు రెండు కాళ్లకును ఇంచుమించు ఒకే దూరము రావలెను.

మంచుదేశములలో చలికాలపు ఆట కొండమీదనుండి మంచుపై జారుట. ఆ ఆటలోను ఎక్కువగా చెడునది ఈ మోకాలే. అమెరికా క్రీడాకారిణి లిండ్సే వాన్ 2013 ఫిబ్రవరిలో ఆస్ట్రియా దేశపు పోటీలో పడగా కుడి మోకాలి బంధములు తెగెను. మరుసటి ఫిబ్రవరిలో రానున్న ఒలింపిక్సుకొరకు ఆమె సాధన చేయుచుండగా, 2013 నవంబరులో అదే మోకాలు మరల గాయపడెను. సోచిలో జరిగిన ఆ ఒలింపిక్సుకు ఆమె పోలేకపోయెను. చికిత్స చేయించుకొని ఓర్చుకొన్న తరువాత 2014 డిసెంబరులో ఆమె మరల గెలిచెను. పోటీ తేదీ మన ఇష్టప్రకారము మారదు. మోకాలును ఆ తేదీ ప్రకారము మానదు.

3. తిరిగివచ్చుట సాధ్యమే

మన పొరుగుననే పుట్టిన పుల్లెల గోపీచంద్‌ను తలంచుకొందము. ఆయన 1973లో నాగండ్లలో జన్మించెను. చలికాలపు సాయంత్రములు మన పిల్లలు వల కట్టి ఆడుకొను షటిల్ ఆటయే ఆయన ఆట. 1994లో పూనాలో జరిగిన జాతీయ క్రీడలలో ఆయన మోకాలి బంధము తెగెను. శస్త్రచికిత్స ఒక్కసారితో ముగియలేదు. అయినను ఆయన 1996లో జాతీయ విజేతయై, 2000 వరకు వరుసగా అయిదు సంవత్సరములు ఆ స్థానమును నిలుపుకొనెను. 2001 మార్చిలో ఇంగ్లండులో ఆల్ ఇంగ్లండ్ పోటీ గెలిచెను. 1980లో ప్రకాశ్ పదుకోనె గెలిచిన తరువాత ఆ పోటీ గెలిచిన భారతీయుడు ఆయనయే. గాయమునకును ఆ గెలుపునకును మధ్య ఏడేండ్లు గడచెను. మనము గెలుపునే చెప్పుకొందుము గాని, చప్పట్లు లేక కాలిని మరల బలపరచుకొన్న దినములే ఆ గెలుపునకు పునాది.

4. ఒడ్డున నిలిచినవానికిని పాలు ఉండవలెను

తొందరపడు యౌవనుని తొందర సగము మనవలననే కలుగుచున్నది. "వాడికి భయము పట్టినది" అని ఒకడు నవ్వును. "నీవు లేక జట్టు ఓడినది" అని మరియొకడు దెప్పును. ఆ మాట ఓర్వలేక వాడు మానని కాలితో బరిలోనికి దిగును. దావీదుతో వాగు దాటినవారిలో కొందరు సామానునొద్ద నిలిచినవారికి పాలు ఇయ్యవద్దనిరి. దావీదు ఒప్పుకొనలేదు. యుద్ధమునకు పోయినవారికిని సామానునొద్ద నిలిచినవారికిని సమభాగమని కట్టడ చేసెను.

గనుక గాయపడినవానిని ఇంట కూర్చుండబెట్టవద్దు. గీతలు గీయుటకు, లెక్క వ్రాయుటకు, చిన్నపిల్లలకు కూత నేర్పుటకు పిలువుడి. గెలిచిన బహుమానములో వానికిని పాలు ఇయ్యుడి. తన చోటు పోలేదని ఎరిగినవాడు ఓపికతో కనిపెట్టును. వచ్చే సంక్రాంతికి దిగవచ్చును. లేదా ఆ పైసంవత్సరము దిగవచ్చును. ఒకవేళ ఎన్నడును దిగలేకపోయినను, వాడు మన జట్టువాడే.

కూడికలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. వాగు దాటలేని 200 మందిని దావీదు ఏల బలవంతపెట్టలేదు?
2. మన ఊరిలో గాయపడి బరికి దూరమైనవారు ఎవరు? ఈ పండుగకు వారికి ఏ పని అప్పగింతుము?
3. మన మాటలచేత ఎవనినైనను మానని కాలితో బరిలోనికి తరిమితిమా?