సంచుల్లో కూరగాయలు, షెడ్డులో పురుగులు: రెండూ బాగుండాలంటే

ఈ వారం పాఠం మల్బరీ గురించి కాదు, ఇంటి వెనకాల సంచుల్లో, బకెట్లలో పెంచుకునే కూరగాయల గురించి. టమాట ఒక వారం రోడ్డు మీద పారబోసే ధర, ఇంకో వారం కొనలేని ధర. మా కోలారు, చిక్కబళ్ళాపురం వైపు బోర్లు వెయ్యి అడుగులు దాటిపోయినాయి. వచ్చే నీళ్ళు మల్బరీకే చాలవు, ఇంక కూరగాయలకని వేరే మడి ఎక్కడ వేసేది? సంచుల్లో అయితే బియ్యం కడిగిన నీళ్ళతోనే రోజూ సారులోకి ఆకు, కూరలోకి నాలుగు కాయలు వస్తాయి. హోసూరు, డెంకణికోట వైపు మనవాళ్ళు కూడా ఇప్పుడు ఇట్లా చాలామంది పెంచుతున్నారు.

అయితే ఒక్క మాట. ఫోనులో చూపించే మిద్దె తోట పాఠాలన్నీ పురుగును చంపేదానికి చెప్పేవి. మనం పురుగును సాకి బతికేవాళ్ళం. వంకాయ మీద పురుగు చచ్చే మందుకు మన పట్టుపురుగు కూడా చస్తుంది. రెండూ ఒకే వర్గం, రెండూ చిమ్మట పిల్లలే. అందుకని మన ఇళ్ళల్లో సంచుల తోట ఎట్లా పెంచాలో వేరుగా నేర్చుకోవాలి.

ముందు చోటు సంగతి. సంచులను షెడ్డు గోడకు ఆనించి పెట్టొద్దు. చాలామంది అక్కడే పెడతారు, నీళ్ళ కొళాయి దగ్గర, నీడ కూడా ఉంటుందని. ఊజి ఈగ పిల్ల పురుగులోంచి బయటికి వచ్చినాక పాకుతూ పోయి మెత్తని మట్టిలో, గోడ సందుల్లో దూరి కోశంగా మారుతుంది. పది పన్నెండు రోజులకు మళ్ళీ ఈగై లేస్తుంది. షెడ్డు పక్కన మెత్తటి, తేమ మట్టి సంచులు వరసగా పెడితే ఊజికి మనమే ఇల్లు కట్టిచ్చినట్లు. మేము మా ఇంట్లో పెట్టుకున్న లెక్క యాభై అడుగులు. అంత జాగా లేనివాళ్ళు షెడ్డు కిటికీలు, గాలి వచ్చే దిక్కు చూసుకుని, దానికి ఎదురు పక్క పెట్టండి. కనీసం ఆరు గంటల ఎండ పడే చోటు కావాలి. ఆకుకూరలకు నాలుగు గంటలైనా సరిపోతుంది.

సంచి కింద ప్లేటు పెట్టి నీళ్ళు నిలవనిస్తే దోమలు వస్తాయి. దోమలొస్తే ఇంట్లో ఎవరో ఒకరు కాయిల్ వెలిగిస్తారు. ఆ పొగ షెడ్డులోకి పోతే పురుగులు వాంతి చేసుకుని, మెలికలు తిరిగి పడిపోతాయి. చీమలు కూడా ఇట్లాగే. సంచుల కింద చీమలు పుట్ట పెడితే వాటికి చీమల పొడి చల్లుతారు, అది గాలికి లేచి ఆకు మీద పడుతుంది. అందుకే ప్లేట్లు వద్దు. సంచులను రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టండి, కింద గాలి ఆడుతుంది, నీళ్ళు కారిపోతాయి.

సంచి ఏదైనా పర్వాలేదు. సిమెంటు సంచి అయితే లోపల తిప్పి రెండు మూడు సార్లు కడగాలి, సిమెంటు దుమ్ము మిగిలితే మట్టి ఘాటెక్కి చెట్టు పసుపు అవుతుంది. యూరియా సంచి మంచిదే, ఎండకు ఏడాది లోపలే పీలికలు పీలికలు అవుతుంది, అంతే. 20 లీటర్ల పెయింటు బకెట్టు అయితే నాలుగైదు ఏండ్లు వస్తుంది. పురుగు మందుల డబ్బాలు, ఫార్మాలిన్ క్యాన్లు మాత్రం ఎంత కడిగినా వద్దు. పగిలిన ప్లాస్టిక్ ట్రేలు మన ఇళ్ళల్లో ఎన్నో మూలన పడి ఉంటాయి. లోతు తక్కువ గనక వాటిలో మెంతాకు, కొత్తిమీర బాగా వస్తాయి. విరిగిన చంద్రికలను పారేయకండి. ఎండలో బాగా కాల్చి నిలబెడితే బీన్సు, చిక్కుడు తీగలకు పందిరి మాదిరి పనికి వస్తాయి. ఏ సంచి అయినా అడుగున, పక్కన అంగుళం ఎత్తులో అయిదారు బెజ్జాలు పెట్టండి.

లోతు చూసుకోవాలి. టమాట, వంకాయకు అడుగున్నర లోతు, ఒక సంచికి ఒక్కటే మొక్క. మిరపకు అడుగు చాలు. పాలకూర, దంటు ఆకుకు అరడుగు పైన ఉంటే సరిపోతుంది. ఒక్క సంచిలో మూడు టమాటాలు పెట్టి మూడూ కాయలేదు అని అడిగేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు.

మట్టి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు మగ్గిన ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు లేక ఇసుక. ఎర్రమట్టి మల్బరీ తోటలోంచి తేవద్దు. వేర్లలో గంటలు కట్టే నులిపురుగు మల్బరీకి ఉంటుంది, టమాటకూ వంకాయకూ బెండకూ అదే పట్టుకుంటుంది. ఆ మట్టి సంచిలోకి వస్తే చెట్టు గిడస బారుతుంది. దానికన్నా పెద్ద నష్టం ఇంకోటి. కాపు అయిపోయినాక సంచి మట్టిని మల్బరీ తోటలో కుమ్మరిస్తే, లేని చోటికి కూడా నులిపురుగును మనమే మోసుకుపోయినట్లు. పీకిన టమాట వేరు చూడండి. ముళ్ళు ముళ్ళుగా ఉబ్బి ఉంటే ఆ మట్టిని ఎండ లోపలికి పోయే తెల్ల ప్లాస్టిక్ కింద ఎండలో నాలుగు వారాలు పరచండి, లేదంటే తోటకు దూరంగా పారేయండి.

ఎరువు సంగతి కొంచెం నిదానంగా చదవండి. పురుగుల పెంట, మిగిలిన ఆకు, కట్టెలు మనకు కావలసినంత ఉంటాయి. కూరగాయలకు ఇంతకన్నా సత్తువైన ఎరువు కొన్నా దొరకదు. కానీ పచ్చిది పెట్టకూడదు. ఒకటి, పచ్చి పెంట మగ్గేటప్పుడు వేడెక్కి వేరును కాలుస్తుంది. రెండు, బెడ్డు మీద చల్లిన సున్నం, విజేత లాంటి పొడులు అందులో ఉంటాయి. మూడోది ముఖ్యం. పాలు కారే రోగం వచ్చిన పురుగు చచ్చి అందులో కలిసి ఉంటే, ఆ రోగపు విత్తనం మట్టిలో చాలా కాలం చావదు. ఆ సంచి మట్టి చేతికి అంటుకుని మళ్ళీ షెడ్డుకే వస్తుంది. కాబట్టి రోగం తగిలిన బ్యాచ్ పెంటను సంచుల కోసం దాచొద్దు, చచ్చిన పురుగులను కాల్చండి లేక సున్నం, బ్లీచింగు వేసి పూడ్చండి. బాగున్న బ్యాచ్ పెంటను గుంటలో పొరలు పొరలుగా వేసి, పొరకొక తూరి పేడ నీళ్ళు చల్లి, పైన మట్టి కప్పి, నెలకొకసారి తిరగేయండి. మూడు నాలుగు నెలలకు నల్లగా, మట్టి వాసనతో, పొడిపొడిగా వస్తుంది. పిడికిట్లో పిండితే కంపు రాకపోతే అయినట్లు. ఇంకోటి, షెడ్డు కడిగిన బ్లీచింగు నీళ్ళు సంచుల వైపు పారకుండా చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయం, మందులు. రసాయనం మందు కొట్టకూడదని మనకందరికీ తెలుసు. తెలియనిది ఏమంటే, జీవ మందు అని, సేంద్రియం అని, ఏమీ కాదు వాడండి అని అంగట్లో ఇచ్చేవి కూడా మన పురుగుకు చెడ్డవి కావచ్చు.

డబ్బా మీద బవేరియా బాసియానా అని ఉందేమో చూడండి. అది బూజు మందు. కూరగాయల మీద పురుగుకు ఆ బూజు పట్టి చస్తుంది. ఆ బూజే పట్టుపురుగుకు వస్తే మనం సున్నకట్టు అంటాం, పురుగు గట్టిపడి, సున్నపు కడ్డీ మాదిరి తెల్లగా అవుతుంది. ఇటలీలో అగస్టినో బాస్సి అనే ఆయన 1835లో పట్టుపురుగు రోగం ఒక బూజు వల్ల వస్తుందని చూపించినాడు, ఆయన పేరే ఆ బూజుకు పెట్టినారు. అంటే ఈ మందు మొదట కనిపెట్టిందే మన పురుగు శవం మీద. దాని పొడి గాలికి లేస్తుంది, బట్టలకు అంటుతుంది. వానాకాలం, చలికాలం చల్లదనం, తేమ ఉన్నప్పుడు షెడ్డులో ఒక్క పురుగుకు పడితే చాలు.

రెండోది బీటీ. బాసిల్లస్ తురింజియెన్సిస్ అని ఉంటుంది. క్యాబేజీ పురుగుకు ఇస్తారు. దీనిని కూడా మొదట కనుక్కున్నది పట్టుపురుగులోనే, 1901లో జపాన్‌లో ఇషివాటా అనే శాస్త్రజ్ఞుడు, ఉన్నట్టుండి చచ్చిపోయే పురుగుల్లో. ఆకు మీద ఉన్నది కడుపులోకి పోతే పురుగు మేత మానేసి, మెత్తబడి చస్తుంది. చూసేవాళ్ళకు సప్పె రోగం అనిపిస్తుంది, ఆకు బాగలేదు, గుడ్లు బాగలేవు అని తగవులు పడతారు, కారణం మాత్రం మిద్దె మీద సంచుల్లో ఉంటుంది.

మా వైపే ఒక ఇంట్లో ఇట్లా జరిగింది. కోడలు మిద్దె మీద క్యాబేజీకి అంగటివాళ్ళు ఇచ్చిన జీవ మందు పొడి కలిపి కొట్టింది, అదే చీరతో వచ్చి నాలుగో జ్వరం లేచిన పురుగులకు ఆకు వేసింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆరో రోజు నుంచి తెల్లగా కడ్డీలు కట్టినాయి. గూడు కట్టేదానికి రెండు రోజుల ముందు బ్యాచ్ అంతా గుంటలోకి పోయింది. గుడ్ల దుడ్డు, కూలీల దుడ్డు, నెల కష్టం.

వేపనూనె కూడా మనకు సరిపడదు. తినే పురుగు మేత మానేసేటట్లు, తోలు విడవకుండా చేసేదే దాని పని, పట్టుపురుగుకూ అదే చేస్తుంది. పొగాకు కషాయం అయితే చెప్పనే వద్దు, పొగాకు గాలికే పురుగు తట్టుకోలేదు. షెడ్డు పక్కన పొగాకు చెట్టు కూడా ఉండకూడదని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

మరి ఏం చేయాలి? పది ఇరవై సంచులకు చేతులే మందు. పొద్దున లేవగానే ఆకు వెనకాల చూసి గుడ్లు నలిపేయండి, పురుగులను ఏరి నీళ్ళల్లో వేయండి. పేను, తెల్లదోమకు లీటరు నీళ్ళకు ఒక చిన్న చెంచా ద్రవ సబ్బు కలిపి సాయంత్రం ఆకు అడుగున కొట్టి, పొద్దున మంచినీళ్ళతో కడగండి. పసుపు అట్టకు ఆముదం పూసి వేలాడదీస్తే తెల్లదోమ అంటుకుంటుంది. జల్లించిన కట్టె బూడిద ఆకుకూరల మీద చల్లొచ్చు. దీనికీ లొంగకపోతే ఆ చెట్టు పీకేయండి. వంద రూపాయల వంకాయ కోసం బ్యాచ్‌ను పణంగా పెట్టే పని లేదు.

పెట్టకూడని చెట్లు కూడా ఉన్నాయి. మందారం, బెండ మల్బరీ గట్టు దగ్గర వద్దు. మల్బరీలో తుక్రా తెచ్చే పిండినల్లి వాటి మీద కూడా పెరుగుతుంది. బొప్పాయి కూడా దూరం. తమిళనాడులో 2008, 2010 నడుమ మల్బరీ తోటలను నాశనం చేసిన పిండినల్లి బొప్పాయిదే. తరువాత దాన్ని తినే చిన్న కందిరీగను తెచ్చి వదిలితే అణిగింది. బంతి మాత్రం రెండు సంచులు పెట్టండి, నులిపురుగును తగ్గిస్తుంది, పండగకు పూలూ వస్తాయి.

వేళ ఎట్లా సర్దుకోవాలి అంటే, గూళ్ళు మార్కెట్టుకు పోయి షెడ్డు కడిగి పెట్టిన వారంలో విత్తండి. అప్పుడే మనకు ఊపిరి ఆడేది. మెంతాకు, పాలకూర చాకి పురుగులు వచ్చి పెద్దవయ్యే లోపల కోతకు వస్తాయి. అయిదో దశలో రోజుకు నాలుగు తూర్లు ఆకు వేసేటప్పుడు నీళ్ళు పోసేదానికే వేళ దొరకదు, అందుకే ఆ వారానికి సంచుల మీద ఎండు ఆకు, కొబ్బరి పీచు కప్పి పెట్టండి. టమాటకు రెండు రోజులు ఎండబెట్టి ఒక రోజు ముంచితే కాయ అడుగు నల్లబడుతుంది. రోగం అనుకుని మందు కోసం పోవద్దు, నీళ్ళు సమంగా పోస్తే తరువాత కాయలు బాగా వస్తాయి. ఎండాకాలంలో పెద్ద సంచికి రోజుకు రెండు మూడు లీటర్లు కావాలి.

సంచుల దగ్గర పని అయినాక సబ్బుతో చేతులు, కాళ్ళు కడిగి, పైబట్ట మార్చి షెడ్డులోకి పోవాలి. మేము ఇంట్లో దీన్ని తిరగేసినాం. పొద్దున షెడ్డు పని ముందు, సంచుల పని తరువాత. పిల్లలకూ అదే చెప్పినాం. మందు కొనేటప్పుడు డబ్బా మీది పేరు చదవలేకపోతే ఫోటో తీసి ఈ గుంపులో పెట్టండి, మూత తీయకముందే.